పల్లకీ, చక్రాల కుర్చీ

ఇల్లు కట్టిన ప్రతివాడూ, తనకు తెలిసినా తెలియకపోయినా, మనిషిని గురించి తన అభిప్రాయమొకటి మట్టిలోనో రాతిలోనో నిలిపి పోతాడు. పూరిపాక ద్వారం పొట్టిగా ఉంటే లోపలికి వచ్చేవాడు తల వంచుతాడు. అక్కడ తల వంచడం అవమానం కాదు, గాలివానకు వెరచి కప్పు దించినందువల్ల కలిగిన అవసరం. దేవాలయపు గడప ఎత్తుగా ఉంటే అడుగెత్తి వేయవలసి వస్తుంది. ఆ ఎత్తు భక్తుణ్ణి ఒక్క క్షణం ఆపి, తానెక్కడికి వచ్చాడో అతడికి జ్ఞాపకం చేస్తుంది. రాజప్రాసాదం సంగతి వేరు. అక్కడి ఎత్తుపల్లాలలో అనేకం, వచ్చినవాడికి అతడి స్థానమేదో తెలియజెప్పడానికే ఏర్పడినవి.

ఢిల్లీ ఎర్రకోటలోని దివానీ ఆమ్‌ను చూడండి. షాజహాను 1639లో ప్రారంభించి 1648లో పూర్తిచేయించిన ఆ కోటలో చక్రవర్తి ప్రజలకు దర్శనమిచ్చే మండపం అది. ఆయన కూర్చునే చలువరాతి వేదిక, ఎదుట నిలిచినవారి తలలకంటె ఎత్తున ఉంటుంది. దానికింద వజీరు కోసం మరొక పీఠం. ఆ కింద సర్దారులు. వారి వెనుక చిన్న ఉద్యోగులు. ఆ వెనుక అర్జీదారులు. ఎవరి అధికారమెంతో చెప్పడానికి అక్కడ శాసనం చెక్కనక్కరలేదు. నేల ఎత్తే ఆ పని చేస్తుంది. మన భాషలో కూడ ఈ జ్ఞాపకం మిగిలి ఉన్నది. పైవారు, కిందివారు, గద్దె నెక్కడం, గద్దె దిగడం, అందలమెక్కడం, ఇవన్నీ మెట్ల నుంచి పుట్టిన మాటలే.

ఈ మందిరాలు ఇప్పుడు ఆ రాజుల ఏలుబడిలో లేవు. స్వాతంత్ర్యానంతరం సంస్థానాలు దేశంలో విలీనమైనవి. 1971లో ఇరవైయారవ రాజ్యాంగ సవరణతో రాజభరణాలు కూడ రద్దయినవి. కొన్ని మహళ్ళు నేటికీ రాజవంశీయుల ఆస్తులే అయినా, అక్కడ సైతం ద్వారం తెరుచుకునేది టిక్కెట్టు కొన్న సామాన్యుడి కోసమే. ఒకప్పుడు ఆ గోడలకు రాళ్ళు మోసినవారి మునిమనుమలు నేడు అంతఃపురాలలో స్వేచ్ఛగా తిరుగుతున్నారు. రాణివాసపు గవాక్షం దగ్గర నిలబడి ఒక పల్లెటూరి తల్లి తన బిడ్డకు దిగువ తోటను చూపిస్తున్నప్పుడు, చరిత్ర తన పాత బాకీలో కొంత తీర్చుకున్నట్లే నాకు తోస్తుంది. ప్రజారాజ్యం మనకిచ్చిన సుఖాలలో ఇది చిన్నదే, కాని అర్థవంతమైనది.

అయితే, ‘అందరికీ’ తెరచిన ఈ ద్వారం ఎవరెవరికి తెరచినట్లు? ఈ ప్రశ్న నాకు గ్రంథపఠనం వల్ల కలిగినది కాదు. నేను చాలా ఏళ్ళుగా చక్రాల కుర్చీలో తిరుగుతున్నాను. అనువాద వ్యాసంగం నన్ను తరచు ఉత్తర దేశానికి తీసుకుపోయేది. పని ముగిసిన మధ్యాహ్నాలలో నేను చూడబోయినవి ఎక్కువగా కోటలు, మహళ్ళు. అక్కడ నాకు కలిగిన ఆలోచనలలో ఫిర్యాదు పాలు తీసివేస్తే మిగిలేదేమిటో పరిశీలించాలని ఈ ప్రయత్నం. ఎందుకంటే ఫిర్యాదు ఒక్కరిది, ప్రశ్న అందరిదీ.

చక్రాల మీద వెళ్ళేవాడికి రాజమందిరం వింత గ్రంథం వంటిది. నడిచేవారి కళ్ళబడని అక్షరాలు అతడికి కనబడతాయి. నడిచే మనిషి గోడమీది చిత్రం చూస్తూ గడప దాటుతాడు. గడప ఉన్నట్లే అతడెరుగడు. నేను మొదట చూసేది గడపనే. దాని ఎత్తు ఆరంగుళాలా, తొమ్మిదా? అంచు అరిగినదా, పదునుగా ఉన్నదా? ఏనుగుల పాదాలు జారకుండా పరచిన గరుకు రాళ్ళు చక్రాన్ని ఒక్కొక్కటే పట్టి కుదుపుతాయి. నేటివారు తోటలో అందం కోసం పోసిన కంకరలో ముందు చక్రాలు కూరుకుపోతాయి. శత్రువు గుంపుగా చొరబడకుండా ఇరుకుగా మలుపు తిప్పిన దారిలో కుర్చీ తిరగదు. వీటన్నిటికీ విరుద్ధమైన అనుభవం కూడ ఒకటి ఉన్నది. అంతఃపుర స్త్రీలు తాము కనబడకుండా బయటి కోలాహలం చూడడానికి అమర్చిన రాతి జాలీలు కొన్నిచోట్ల సరిగ్గా కూర్చున్నవారి కళ్ళకు అందేటట్లుంటాయి. వారు తివాసీలపై కూర్చుని చూసేవారు కదా! అటువంటి చోట యాత్రికులందరూ నడుము వంచి అవస్థపడుతుంటే నాకు మాత్రం ఆ వాస్తు అనుకూలంగా ఉంటుంది. ఏ శరీరం కోసం కట్టారో ఆ శరీరానికి కట్టడం అనుకూలిస్తుందనీ, తక్కిన శరీరాల అసౌకర్యం ఆ శరీరాలలోని లోపం మాత్రమే కాదనీ నేను మొదట గ్రహించినది ఆ జాలీల దగ్గరనే.

ఒక ప్రాసాదంలో, దాని పేరు ఇక్కడ అనవసరం, మెట్ల మొదట నిలిచిన కాపలాదారు ఎంతో మర్యాదగా నాతో అన్నాడు: “బాబూజీ, మీరు ఈ చెట్టు నీడన కూర్చోండి. మీవాళ్ళు పైకి వెళ్ళి చూసి వచ్చి మీకు అంతా చెబుతారు.” ఆ మాటలో ఏ మాత్రమూ కాఠిన్యం లేదు. మంచినీళ్ళు కూడ అతడే తెచ్చి ఇచ్చాడు. నిజంగానే నావాళ్ళు గంట తరువాత దిగి వచ్చి, పై అంతస్తులో అద్దాల పని ఎంత అందంగా ఉన్నదో వర్ణించారు. అయినా వారి వర్ణన విన్నకొద్దీ నాకు స్పష్టమైనదేమిటంటే, నేను చరిత్రను చూడడానికి వచ్చి, చరిత్రను గురించి వినిపోతున్నాను. వినడం తక్కువ పని కాదు; అనువాదకుడిగా నేను జీవితమంతా చేసినది అదే, ఇతరులు చూసినదాన్ని విని నా మాటలలో చెప్పడం. కాని అనువాదం మూలానికి ప్రత్యామ్నాయమని చెప్పే అనువాదకుడెవడూ ఉండడు. మూలం చదవగలవాడు చదవడానికి వచ్చినప్పుడు, అతడి చేతిలో సారాంశం పెట్టి పంపడం న్యాయం కాదు.

ఇక్కడ చాలామంది చెప్పే సమాధానం ఒకటున్నది. “ఏం చేస్తాం? పూర్వులు ఇట్లా కట్టారు. వాళ్ళకు మెట్లే తెలుసు. ఆ కాలంలో ఇటువంటి ఆలోచనలు ఎక్కడివి?” ఈ సమాధానంలో వినయం ఉన్నట్లు కనిపిస్తుంది, కాని ఇది పూర్వులను సరిగా చూడని మాట.

జయపురానికి సమీపంలో ఉన్న ఆమేరు ప్రాసాదాన్ని తీసుకుందాం. 1592లో మొదటి మానసింహుడు ప్రారంభించగా, తరువాతి రాజులు విస్తరింపజేసిన ఆ మహలు కొండవాలున, మావఠా సరస్సుకు పైన, నాలుగు ఆవరణలుగా ఉన్నది. 2013లో రాజస్థాన్ గిరిదుర్గాలలో ఒకటిగా ప్రపంచ వారసత్వ స్థలమైనది. కింది నుంచి మొదటి ఆవరణమైన జలేబ్ చౌక్ దాకా, సూర్యద్వారం గుండా, ఏనుగులెక్కే రాతి వాలుబాట ఉన్నది. సేనలు, గుర్రాలు, అంబారీలు ఆ బాటనే వచ్చేవి. జలేబ్ చౌక్ నుంచి సింహద్వారానికి మెట్లు, దాని లోపల దివానీ ఆమ్, ఆపైన గణేశద్వారం, దాని వెనుక అద్దాల జయమందిరం, నీటి కాలువల చల్లదనంతో నిండిన సుఖనివాసం, అన్నిటికీ వెనుక మానసింహుడి పాత మహలు, రాణివాసం. ఆ మహలులో యాత్రికులకు చూపించే వస్తువులలో ఒకటి, చక్రాలు గల పాత కుర్చీ. మార్గదర్శకులు చెప్పే కథ ప్రకారం, ఉత్సవదినాలలో రాణులు ధరించే వస్త్రాలు, ఆభరణాలు బరువై నడవలేకపోయేవారట. దాసీలు వారిని చక్రాల కుర్చీలో కూర్చుండబెట్టి, మెట్లు లేని వాలుదారుల మీదుగా తోసుకుపోయేవారట.

ఈ కథలో ఎంతపాలు చరిత్ర, ఎంతపాలు మార్గదర్శకుడి చమత్కారం అన్నది ప్రధానం కాదు. ఆ కుర్చీని చూసి జనం ఆనందిస్తారు. రాణి వైభవానికి అది చిహ్నమని భావిస్తారు. నడవలేనంత నగలు ఉండడం గొప్ప. నడవలేని కాళ్ళుండడం మాత్రం జాలిపడవలసిన విషయం. రెండుచోట్లా కుర్చీ ఒకటే. తోసే చేతులూ అటువంటివే. వాలుదారి అవసరమూ ఒకటే. అర్థం మాత్రం తలకిందులైనది. రాణి నడవకపోవడానికి కారణం ఐశ్వర్యం కాబట్టి ఆమె కోసం దారి సిద్ధమైనది.

ఆమేరు ఒక్కటే కాదు. గ్వాలియరు కోటకు తూర్పువైపు నుంచి ఎక్కే దారి ఒక పొడవైన రాతి వాలు. దాని కొసన ఉన్న ద్వారం పేరే ఏనుగుద్వారం. ఆగ్రా కోటలో అమర్‌సింగ్ ద్వారం దాటిన తరువాత ఎత్తైన గోడల నడుమ సాగే మార్గమూ వాలే. మన గోలకొండలో బాలాహిసారుకు మూడువందలకు పైగా మెట్లున్నవి. రాజు పల్లకీకి వేరు దారి ఉండేదని అక్కడివారు చూపిస్తారు. అంటే మన పూర్వులకు వాలుబాట తెలియనిది కాదు. ఎవరి నడకను ఎవరూ కోరగూడదో వారికి, అంటే ప్రభువుకు, ప్రభువు వాహనానికి, ఫిరంగికి, ఏనుగుకు వాలుబాట వేశారు. తక్కినవారు ఎక్కి రావలసినదే. కాబట్టి నేడు చక్రాల కుర్చీకి ర్యాంపు వేయమని అడిగినవాడు ప్రాసాదంలోకి పరాయి వస్తువును తెమ్మనడం లేదు. ఏనుగుకిచ్చిన సౌకర్యాన్ని పౌరుడికి కూడ ఇమ్మంటున్నాడు.

ఇంతకంటె సున్నితమైన ప్రశ్న మరొకటి ఉన్నది. ర్యాంపు లేకపోతేనేమి, నలుగురు మనుషులు కుర్చీతో సహా ఎత్తి తీసుకుపోతే సరిపోదా? చాలాచోట్ల అట్లాగే జరుగుతుంది. చేతులు ముందుకు రావడానికి మన దేశంలో ఆలస్యముండదు. “పట్టుకో భాయీ” అని ఒకడంటే ముగ్గురు వచ్చి పడతారు. ఆ చేతులను నేను తక్కువచేసి మాట్లాడలేను. నన్ను ఎన్నో మెట్లు ఎక్కించినవి అవే. అయినా ఎత్తబడిన ప్రతిసారీ మనస్సులో ఏదో ముడుచుకుపోతుంది. ఎందుకు? పల్లకీలో రాజు కూడ ఎత్తబడినవాడే కదా! ఆయనకు కలగని సంకోచం నాకెందుకు కలగాలి?

ఈ ప్రశ్నకు సమాధానం వెదకుతుంటే భాగవతంలోని జడభరతుడి కథ జ్ఞాపకం వస్తుంది. తెలుగు భాగవతంలో ఆ పంచమస్కంధాన్ని గంగన రచించాడు. సింధుసౌవీర ప్రభువైన రహూగణుడు కపిలమహర్షి వద్ద తత్త్వం తెలుసుకోవాలని పల్లకీలో బయలుదేరాడు. బోయీ ఒకడు తక్కువైతే, దారిలో కనబడిన జడభరతుణ్ణి పట్టి పల్లకీకి కట్టారు. అతడు చీమలను తొక్కకుండా చూసి చూసి అడుగువేయడంతో పల్లకీ కుదుపులు పడ్డది. రాజు కోపించి ఎత్తిపొడిచాడు. అప్పుడా మౌని నోరు విప్పి, మోసేదెవరు, మోయబడేదెవరు, బరువన్నది దేనిది అని అడిగాడు. రాజు పల్లకీ దిగి పాదాలమీద పడ్డాడు. కథలోని వ్యంగ్యమంతా ఇక్కడే ఉన్నది: జ్ఞానం కోసం బయలుదేరినవాడు, తనను మోస్తున్న భుజం ఎవరిదో చూడలేదు.

ఈ కథ రెండు విషయాలు బోధిస్తుంది. మొదటిది: ఇతరుల మీద ఆధారపడనివాడు ప్రాసాదంలో ఎవడూ లేడు. నీరు తెచ్చేవాడు, వింజామర వీచేవాడు, దీపం పట్టేవాడు, వస్త్రం కట్టేవాడు, వంట రుచి చూసి విషం లేదని చెప్పేవాడు, ఇందరి చేతులు లేకుండా రాజుకు ఒక్క దినం గడవదు. పంజాబు సింహమని పేరుపొందిన మహారాజా రంజీత్‌సింగ్‌కు బాల్యంలోనే మశూచికం వల్ల ఒక కన్ను పోయింది. చివరి సంవత్సరాలలో పక్షవాతం కూడ వచ్చింది. 1839లో మరణించేవరకు ఆయన దర్బారు నడిచింది. ఆధారపడడం మానవ సహజం. అధికారమున్న చోట దానికి పరివారమని పేరు, లేనిచోట అసహాయతని పేరు. రెండవది: పల్లకీలోని రాజుకూ ఎత్తబడిన నాకూ భేదం శరీరంలో లేదు, ఆజ్ఞలో ఉన్నది. ఎప్పుడు బయలుదేరాలో, ఎక్కడ ఆగాలో, ఎప్పుడు దించాలో రాజు నిర్ణయిస్తాడు. నా విషయంలో అది మోసేవారి ఓపికనుబట్టి, వెనుకవారి తొందరనుబట్టి ఉంటుంది. ఒక చిత్రం ముందు మరికొంతసేపు ఉండాలనిపిస్తే, నాలుగు భుజాలు నా కోసం నొప్పిపడుతున్నవని తెలిసి, చూడకుండానే ‘చాలు’ అంటాను. చరిత్రను చూడడంలో ప్రధానమైన సుఖం తీరుబాటుగా నిలవడం. దానినే నేను వదులుకోవలసి వస్తుంది.

పైగా అటువంటి ప్రవేశానికి రెండు టిక్కెట్లు కావాలి. ఒకటి అందరితోపాటు డబ్బు ఇచ్చి కొన్నది. రెండవది కృతజ్ఞత. లోపలికి వెళ్ళేటప్పుడు నవ్వుమొహం, ఎక్కిన తరువాత నమస్కారం, దిగిన తరువాత మరొక నమస్కారం. కృతజ్ఞత ఉత్తమ గుణమే. కాని అది హృదయంలో పుట్టవలసినది. గుమ్మం దగ్గర సుంకంగా వసూలు కావలసినది కాదు. తక్కిన పౌరులు ఎవరికీ కృతజ్ఞులు కాకుండానే ఎక్కుతున్న మెట్లను, నేను మాత్రం కృతజ్ఞుడనై ఎక్కాలంటే, మేమిద్దరమూ ఒకే విధమైన పౌరులమని చెప్పడం కష్టం. హక్కులు పెరిగితే దయ తగ్గిపోతుందని కొందరు భయపడతారు. ఆ భయం నిరాధారం. దారి తానుగా వెళ్ళగలిగినదైతే, దయగలవాడు మోసే పని మాని పక్కన నడుస్తూ మాట్లాడుతాడు. మోసినవాడితో నాకు సంబంధం మెట్లతో ముగుస్తుంది. మాట్లాడినవాడితో స్నేహం మిగులుతుంది.

జడభరతుడి భుజాన్ని కూడ మరవరాదు. నన్ను ఎత్తేవారిలో ఎక్కువమంది చిన్న జీతాల కాపలాదారులు, తోట పనివారు. కుర్చీ ఎత్తడం వారి ఉద్యోగంలో లేని పని. ఎత్తైన మెట్ల మీద ఒకరి కాలు జారితే నలుగురికీ ప్రమాదం. ర్యాంపు వేయనందువల్ల మిగిలిన ఖర్చును వారి నడుములు చెల్లిస్తున్నవి. ర్యాంపు మోయబడేవాడికి ఎంత విముక్తో, మోసేవాడికీ అంత విముక్తి.

ఎదుటి పక్షాన్ని కూడ న్యాయంగా వినాలి. పాత కట్టడం ఒక నిక్షేపం. దానిని మనం అనుభవించడానికి మాత్రమే కాక, రేపటివారికి అప్పగించడానికి కూడ పుచ్చుకున్నాం. ఒక తరం సౌకర్యం కోసం నాలుగువందల ఏళ్ళ మెట్లను పగులగొట్టడం, సన్నని ద్వారబంధాన్ని కోసి వెడల్పు చేయడం, చిత్రించిన గోడ పక్కన లిఫ్టు నిలబెట్టడం వారసత్వాన్ని కాపాడే పద్ధతి కాదు. ఈ వాదంలో నిజమున్నది. లెక్క కూడ కఠినమైనదే. కుర్చీకి తగిన వాలు, అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడవు. అంటే 3 అడుగుల అరుగుకు 36 అడుగుల బాట కావాలి. నాలుగు అంతస్తుల గిరిదుర్గంలో ప్రతి గదికీ ఇట్లా దారి వేయడం సాధ్యం కాదు. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించగా, భారతదేశం 2007లో ధ్రువీకరించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక కూడ, నాటకశాలలు, గ్రంథాలయాలు, ప్రదర్శనశాలల విషయంలో వాడని ఒక మాటను చారిత్రక కట్టడాల విషయంలో వాడింది: ‘వీలైనంతవరకు’.

‘వీలైనంతవరకు’ అన్న ఈ మాటలోనే నైతిక సమస్య అంతా ఇమిడి ఉన్నది. ఈ వీలును కొలిచేదెవరు? 1857 తరువాత ఆంగ్లేయులు ఎర్రకోటలోని అనేక మహళ్ళను కూల్చి సైనికుల బారకాసులు కట్టుకున్నారు. అధికారానికి అప్పుడు వీలైనది. ఆ తరువాతి కాలంలో ఇటువంటి కట్టడాలలోకి విద్యుద్దీపాలు వచ్చినవి, టిక్కెట్టు గదులు, మరుగుదొడ్లు, ఇనుప కమ్మీలు, బొమ్మల దుకాణాలు వచ్చినవి. వీటిలో ఒక్కటీ ఆ కట్టిన రాజు ఎరిగినది కాదు. 2001 జనవరిలో భౌతికశాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ మన దేశానికి వచ్చినప్పుడు, ఢిల్లీలో కొన్ని ప్రాచీన కట్టడాల దగ్గర ఆయన కుర్చీ కోసం చెక్కతో తాత్కాలికమైన వాలుబాటలు వేశారు. రాయి పగలలేదు, వారసత్వం చెడలేదు. వీలు కాదనుకున్నది, ఒక మహానుభావుడు వచ్చేసరికి వీలైనది. ఆయనకు జరిగిన ఆ గౌరవం ఉచితమే. కాని ఆ చెక్కబాటలు మనకొక సంగతి తెలియజేసినవి: అంతవరకు అడ్డుపడినది రాతి స్వభావం కాదు, రానున్న మనిషిని గురించి మన అంచనా. విశ్వరహస్యం విప్పినవాడికి వీలయ్యేది, ఊరి బడిలో చదివే పిల్లకు కూడ వీలు కావాలి. ఆమె ఇంకా ఏమీ సాధించకపోవచ్చు. ప్రాసాదం చూడడానికి సాధించి ఉండనక్కరలేదు.

కాబట్టి భేదం ఇట్లా చూడడం మంచిదని నా అభిప్రాయం. చేయలేని దారి వేరు, తలచుకోని దారి వేరు. మేడ చివర గోపురానికి తిరుగుడు మెట్లున్నవి. వాటిని మార్చితే గోపురమే ఉండదు. అక్కడికి నేను వెళ్ళలేకపోవడం అన్యాయమని నేననను. దుఃఖముంటే ఉండవచ్చు; ప్రతి దుఃఖమూ అన్యాయం కాదు. అటువంటి చోట నిజాయితీగా తీసిన చిత్రాలు, చేతితో తాకి చూడదగిన నమూనా కింద ఉంచితే సంతోషిస్తాను. కాని ఒకే ఒక అరుగు ఎత్తున్న మండపానికి, రెండు గడపల ఆవలి తోటకు, తాగేనీటి చోటికి, మరుగుదొడ్డికి దారి లేకపోతే, దానికి నాలుగువందల ఏళ్ళ కిందటి వాస్తుశిల్పిని నిందించడం తగదు. అది నిన్నటి నిర్ణయం. రేపు మార్చుకోదగినది. తీసివేయడానికి వీలుగా చేసిన చెక్క వాలుకైనా, లోహపు వాలుకైనా కట్టడం నొచ్చుకోదు.

మన ప్రభుత్వం 2015 డిసెంబరు 3న ప్రారంభించిన కార్యక్రమానికి ‘సుగమ్య భారత్ అభియాన్’ అని పేరు పెట్టారు. హిందీలో ‘సుగమ్య’ అంటే సులభంగా చేరదగినది. తెలుగులో ‘గమ్యం’ అంటే మనం చేరదలచిన చోటు. రెండిటికీ ధాతువు ఒకటే. చేరదగనిదాన్ని మనం ‘అగమ్యం’ అంటాం. ఏమీ తోచని స్థితిని ‘అగమ్యగోచరం’ అంటాం. ఈ మాటలను పక్కపక్కన పెట్టి చూస్తే, దారి లేని చోటు క్రమంగా కోరిక నుంచి కూడ తొలగిపోతుందని తెలుస్తుంది. పదిసార్లు మెట్ల దగ్గర ఆగినవాడు పదకొండవసారి బయలుదేరడు. అప్పుడు “అటువంటివారు ఇక్కడికి ఎవరూ రారండీ, వారి కోసం దారి ఎందుకు?” అని అడుగుతారు. రాకపోవడం దారి లేనందువల్ల; దారి లేకపోవడం రానందువల్ల. ఈ వలయాన్ని ఎవరో ఒకరు తెంచాలి. తెంచవలసినది బలం గలవారే.

చట్టాలు ఆ ప్రయత్నం చేశాయి. 1995లో ఒకటి, 2016లో మరొకటి వచ్చినవి. 2024 నవంబరు 8న సర్వోన్నత న్యాయస్థానం, సుగమ్యతకు సంబంధించిన ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోరాదనీ, తప్పనిసరిగా పాటించవలసిన నియమాలను ఏర్పరచాలనీ తీర్పు చెప్పింది. 2011 జనాభా లెక్కలలో వికలాంగులుగా నమోదైనవారు 2.68 కోట్లు. ఈ మధ్య మాకు దివ్యాంగులని పేరు పెట్టారు. ఇచ్చినవారి సద్భావాన్ని నేను శంకించను. కాని పేరు ఎంత ఎత్తుకు లేచినా గడప ఎత్తు తగ్గదు. గడప తగ్గించినవాడు నన్ను ఏ పేరున పిలిచినా నాకు అభ్యంతరం లేదు.

మహాభారతంలో అష్టావక్రుడు జనకమహారాజు యాగశాలకు వచ్చినప్పుడు ద్వారపాలకుడు అడ్డగించాడు. బాలురకు ప్రవేశం లేదన్నాడు. అష్టావక్రుడు అతడితో వాదించాడు: నెరసిన తలవల్ల పెద్దరికం రాదన్నాడు. ఆ ద్వారపాలకుడు విన్నాడు; విని లోపలికి వెళ్ళే ఉపాయం చేశాడు. ఎనిమిది వంకరలున్న ఆ శరీరాన్ని చూసి సభికులు నవ్వారన్న కథ తరువాత జనంలో ప్రచారమైనది. అందరూ చెప్పుకునేది ఆ నవ్వును గురించే. నాకు మాత్రం ఆ ద్వారపాలకుడు ఎక్కువ ముఖ్యుడుగా కనబడతాడు. నియమం అతడి చేతిలో ఉన్నది; వచ్చినవాడు నియమంలో ఇమడలేదు. అతడు నియమాన్ని ఎదుట పెట్టుకొని కూర్చోక, వచ్చినవాడి మాట విన్నాడు. అందువల్ల జనకుడి సభకు గౌరవం తగ్గలేదు, పెరిగింది. వచ్చినవాడి జ్ఞానం సభకు లభించింది. ఎవరిని ద్వారం దగ్గర ఆపివేశామో, వారు లోపలికి వచ్చి ఉంటే ఏమి చూసి ఏమి చెప్పి ఉండేవారో, ఆపినవారికి ఎన్నటికీ తెలియదు.

ఆగ్రా కోటలో షాజహాను 1658 నుంచి 1666లో మరణించేవరకు బందీగా ఉన్నాడు. అన్ని ద్వారాలు తన ఆజ్ఞతో తెరుచుకున్న చక్రవర్తికి, చివర ఎనిమిదేళ్ళు ఒక్క ద్వారం తెరుచుకోలేదు. యమునకు ఆవల తాజమహలును దూరం నుంచి చూడడమే ఆయనకు మిగిలినది. ఆ గవాక్షం దగ్గర యాత్రికులందరూ విచారపడతారు. చూడగలిగి వెళ్ళలేకపోవడం ఎంత బాధో ఎవరూ వివరించనక్కరలేకుండానే గ్రహిస్తారు. ఆ గ్రహింపును మెట్ల కింద ఆగిన మనిషి దాకా పొడిగించడమే నేనడిగేది. అది దూరమైన పని కూడ కాదు. వార్ధక్యం అందరికీ వస్తుంది. మోకాళ్ళు అందరికీ అరుగుతాయి. నేడు మెట్లెక్కుతున్నవాడు రేపు ఎక్కలేనివాడు. కాని ఈ కారణం చేత ర్యాంపు వేయమంటే అది స్వార్థానికి చేసే విజ్ఞప్తి అవుతుంది. అంతకంటె మంచి కారణం ఒకటున్నది. రాజులు తమ ప్రాసాదాలను తమ శరీరానికీ, తమ వాహనానికీ అనుకూలంగా కట్టుకున్నారు. అందులో వారికి ఏ సందేహమూ లేదు, ఏ విజ్ఞప్తీ లేదు. నేడు ఆ ప్రాసాదాలకు యజమాని ప్రజ. ప్రజకు అనేక శరీరాలున్నవి. యజమాని తన ఇంట్లోకి తాను వెళ్ళడానికి ఒకరి అనుమతి, మరొకరి భుజం అడిగి తెచ్చుకోవలసి వస్తే, ఆ ఇల్లు ఇంకా పాత యజమానిదే అనుకోవలసి ఉంటుంది.